వరిగడ్డి నుంచి ఇథనాల్: చక్కెర కనిపిస్తోంది, ఆల్కహాల్ రావడం లేదు. ఈస్ట్ మార్చాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం 50 గ్రాముల వరిగడ్డి పొడిని 500 మి.లీ. 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. వడకట్టి, ఆ ద్రవాన్ని కాస్టిక్ సోడాతో తటస్థం చేసి, బేకరీ ఈస్ట్ కలిపి మూడు రోజులు పులియబెట్టాను. డీఎన్‌ఎస్ పరీక్షలో (రంగు మార్పును బట్టి చక్కెర కొలిచేది) చక్కెర లీటరుకు 22 గ్రాములు వచ్చింది, ఇథనాల్ మాత్రం లీటరుకు 1 గ్రాము దగ్గరే ఆగిపోయింది. అందరూ ఈస్ట్ మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: మార్చనక్కర్లేదు. మీ ఈస్ట్ తన పని తాను చేసింది. మీకు రావలసిన ఇథనాల్ మీరు వడకట్టి పక్కన పెట్టిన పిప్పిలో ఉంది.

వరిగడ్డిలో సెల్యులోజ్ 32 నుంచి 38 శాతం, హెమీసెల్యులోజ్ 20 నుంచి 28 శాతం, లిగ్నిన్ 10 నుంచి 18 శాతం ఉంటాయి. మిగతాదాంట్లో ఎక్కువ భాగం బూడిద, అందులోనూ చాలావరకు సిలికా. 121 డిగ్రీల దగ్గర పలచని ఆమ్లం హెమీసెల్యులోజ్‌నే కరిగిస్తుంది. గ్లూకోజ్ గొలుసులైన సెల్యులోజ్ జోలికి పెద్దగా పోదు, అది పిప్పిలోనే మిగిలిపోతుంది. కాబట్టి మీ ద్రవంలో దిగింది ముఖ్యంగా హెమీసెల్యులోజ్‌లోని జైలాన్ విడిపోతే వచ్చే జైలోజ్ అనే చక్కెర. లెక్క వేసి చూడండి: 50 గ్రాముల గడ్డిలో జైలాన్ 18 శాతం అనుకుంటే 9 గ్రాములు. విడిపోయేటప్పుడు నీరు చేరి బరువు పెరుగుతుంది కాబట్టి దాన్ని 1.136తో గుణిస్తే 10.2 గ్రాముల జైలోజ్. 500 మి.లీ.లో ఉంది కాబట్టి లీటరుకు 20 గ్రాములు. అందులో 85 శాతం విడుదలైనా 17 గ్రాములు, దానికి కాస్త అరబినోజ్, రెండు మూడు గ్రాముల గ్లూకోజ్ కలిస్తే మీ 22 గ్రాముల లెక్క సరిపోయింది. మామూలు బేకరీ ఈస్ట్ జైలోజ్‌ను ముట్టదు. ఉన్న రెండు గ్రాముల గ్లూకోజ్‌ను తిని 1 గ్రాము ఇథనాల్ ఇచ్చింది. గ్రాము గ్లూకోజ్ నుంచి ఎంత బాగా పులిసినా 0.511 గ్రాముకు మించి ఇథనాల్ రాదు.

డీఎన్‌ఎస్ మిమ్మల్ని ఇక్కడే దారి తప్పించింది. అది గ్లూకోజ్‌ను విడిగా చూడదు, క్షయకరణ గుణమున్న ప్రతి చక్కెరనూ కలిపి చూపిస్తుంది. పైగా లిగ్నిన్ నుంచి వచ్చే ఫినాలిక్ పదార్థాలూ, ద్రవం గోధుమ రంగూ 540 నానోమీటర్ల దగ్గర రీడింగును పెంచుతాయి. ఒక్కో చక్కెరను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం అందుబాటులో ఉంటే అదే మేలు. లేకపోతే ఆసుపత్రి ల్యాబుల్లో రక్తంలో చక్కెర చూడటానికి వాడే గ్లూకోజ్ ఆక్సిడేజ్ కిట్ కొనండి. అది గ్లూకోజ్‌ను మాత్రమే గుర్తిస్తుంది, ధర కూడా తక్కువ. దానితో లీటరుకు 5 గ్రాముల దాకా నేరుగా చూడొచ్చు, కాబట్టి నమూనాను పది రెట్లు పలచన చేసి వేయండి. డీఎన్‌ఎస్, ఈ కిట్ రెండూ పక్కపక్కన పెడితే ఏ చక్కెర ఎంతుందో ఒక్క రోజులో తేలిపోతుంది.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టే పద్ధతి చెబుతాను. వరిగడ్డికి నా ఓటు ఆమ్లానికి కాదు, క్షారానికి. కాస్టిక్ సోడా లిగ్నిన్‌తో పాటు సిలికాను కూడా కరిగించి తీసుకుపోతుంది. ఇతర పంటల చొప్ప కంటే వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి ఈ లాభం ఇక్కడ బాగా కనబడుతుంది.

గడ్డి విషయంలో ముందే జాగ్రత్త పడండి. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండూ ఉన్నాయి. రకం పేరు, కోత తేదీ తెలిసిన గడ్డిని అడిగి తెచ్చుకోగలిగితే మీ థీసిస్‌కు అదే పెద్ద బలం. వానకు తడిసి నల్లబడిన గడ్డి వద్దు, అందులో బూజు అప్పటికే సెల్యులోజ్‌ను తినడం మొదలుపెట్టి ఉంటుంది. మట్టి పోయేలా కడిగి, 45 డిగ్రీల్లో ఆరబెట్టి, మిక్సీలో కొట్టి, 1 మి.మీ. జల్లెడ పట్టండి. పిండిలా నూరితే ఫలితం పెరగదు, బ్లేడు అరిగిపోతుంది. తేమ కొలవడానికి విడిగా రెండు గ్రాములు తీసి 105 డిగ్రీల్లో పెట్టండి. పనికి వాడే గడ్డిని మాత్రం ఆ వేడికి ఎప్పుడూ గురిచేయకండి, నారలోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి మళ్లీ తెరుచుకోవు.

50 గ్రాముల పొడి గడ్డికి 500 మి.లీ. నీళ్లు, 7.5 గ్రాముల కాస్టిక్ సోడా, అంటే 1.5 శాతం. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి గేజ్ 15 పౌండ్లు చూపించినా లోపల వేడి 120 దగ్గరే ఉంటుంది. ఒక్క డిగ్రీతో మునిగేదేమీ లేదు, కానీ థీసిస్‌లో గేజ్ ఒత్తిడిని బట్టి కాకుండా థర్మామీటరు చూపించిన అంకె రాయండి. చల్లారాక పలచని గుడ్డలో పిండి, నీళ్లు రంగు లేకుండా, పీహెచ్ 7కి దగ్గరగా వచ్చేదాకా కడగాలి. ముందు కడుగులకు కుళాయి నీళ్లు చాలు. బోరు నీళ్ల కాఠిన్యం ఎక్కువ కాబట్టి ఆఖరి రెండు కడుగులూ డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. లేకపోతే ఆ తర్వాత బఫర్ పీహెచ్ నిలబడదు.

పిండిన గుజ్జును ఆరబెట్టకూడదు. తడిగానే డబ్బాలో వేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి, తేమ శాతం కొలిచి రాసుకోండి. 50 గ్రాముల గడ్డికి పొడి బరువులో 28 నుంచి 30 గ్రాములు మిగలాలి. 35 దాటిందంటే క్షారం సరిగ్గా ఎక్కలేదు. 25 కంటే తగ్గిందంటే కడిగేటప్పుడు గుడ్డలోంచి నలుసులు పోయాయి.

సెల్యులోజ్, లిగ్నిన్ శాతాలు కొలిచేటప్పుడు ఒక పొరపాటు చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది. 300 మిల్లీగ్రాముల నమూనాను 3 మి.లీ. 72 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 30 డిగ్రీల దగ్గర గంట ఉంచి, 84 మి.లీ. నీళ్లు పోసి, 121 డిగ్రీల్లో మరో గంట ఉంచుతారు. అడుగున మిగిలిన దాన్ని ‘లిగ్నిన్’ అని రాసేస్తారు. వరిగడ్డిలో ఆ మిగులులో సిలికా కూడా ఉంటుంది. దాన్ని 575 డిగ్రీల్లో కాల్చి, మిగిలిన బూడిద బరువు తీసేయాలి. ఇది చేయకపోతే లిగ్నిన్ 25 శాతం పైన కనిపిస్తుంది, పరీక్షకులు మొదట పట్టుకునేది కూడా అదే.

ఇక గుజ్జులోని సెల్యులోజ్‌ను సెల్యులేజ్ అనే ఎంజైమ్‌తో గ్లూకోజ్‌గా విడగొట్టే దశ. 5 శాతం ఘనపదార్థంతో మొదలుపెట్టండి: 5 గ్రాముల పొడి బరువుకు సరిపడే తడి గుజ్జు (తేమ 80 శాతం ఉంటే 25 గ్రాములు), 50 మి.లీ. 0.1 మోలార్ సిట్రేట్ బఫర్, పీహెచ్ 4.8, మిగతాది నీళ్లు, మొత్తం 100 గ్రాములు. గుజ్జులో ఉన్న 20 మి.లీ. నీటిని లెక్కలో కలపడం మరవకండి. సెల్యులేజ్ గ్రాము ఘనపదార్థానికి 15 ఫిల్టర్ పేపర్ యూనిట్లు (ఎంజైమ్ బలానికి కొలత). మీ సీసాలో మి.లీ.కి 100 యూనిట్లుంటే 0.75 మి.లీ. చాలు. సీసా మీది అంకెను నమ్మకండి, ఫ్రిజ్‌లో ఏళ్లు గడిచిన ఎంజైమ్ బలం తగ్గి ఉంటుంది. 1×6 సెం.మీ. వాట్‌మన్ 1 నంబరు కాగితంతో, 50 డిగ్రీల్లో గంటసేపు పరీక్ష మీరే చేసుకోండి. షేకర్ 150 ఆర్‌పీఎం, 50 డిగ్రీలు, 72 గంటలు. 0, 6, 24, 48, 72 గంటలకు నమూనా తీసి, వెంటనే పది నిమిషాలు మరిగే నీళ్లలో పెట్టి ఎంజైమ్‌ను ఆపేయండి.

పక్కనే ఎంజైమ్ మాత్రమే ఉన్న ఫ్లాస్కు ఒకటి, గుజ్జు మాత్రమే ఉన్నది ఇంకొకటి తప్పనిసరి. ఎంజైమ్ ద్రావణంలోనే చక్కెర ఉంటుంది, దాన్ని తీసేయకపోతే దిగుబడి ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి 24 గంటలూ చురుగ్గా సాగి ఆ తర్వాత గ్లూకోజ్ పెరగకపోతే సెల్లోబయోజ్ (రెండు గ్లూకోజ్‌ల జంట) పేరుకుని ఎంజైమ్‌ను ఆపేస్తోందేమో చూడండి. పాత రకం సెల్యులేజ్‌లలో ఆ జంటను విడగొట్టే బీటా గ్లూకోసిడేజ్ చాలదు, విడిగా కలపాలి. ఇంకో మాట. బ్యాక్టీరియా రాకుండా సోడియం అజైడ్ కలపమని చాలా ప్రోటోకాల్స్‌లో ఉంటుంది. ఆ ద్రవాన్ని పులియబెట్టాలనుకుంటే అది కలపకూడదు, ఈస్ట్ కూడా చస్తుంది. బదులుగా గుజ్జు, బఫర్ కలిపి ఆటోక్లేవ్ చేసి, చల్లారాక ఎంజైమ్‌ను స్టెరైల్ ఫిల్టర్ గుండా వేయండి.

గుజ్జులో సెల్యులోజ్ 58 శాతం ఉంటే 5 గ్రాముల్లో 2.9 గ్రాములు. 1.11తో గుణిస్తే గరిష్ఠం 3.2 గ్రాముల గ్లూకోజ్. అందులో 80 శాతం వస్తే లీటరుకు 26 గ్రాములు. మంచి ఫలితమే.

పులియబెట్టడం ఇంతకంటే సులువు. పీహెచ్ 5 నుంచి 5.5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ లీటరుకు 5 గ్రాములు, పొడి ఈస్ట్ లీటరుకు 2 గ్రాములు, 38 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి వేయాలి. 30 డిగ్రీలు, 48 గంటలు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ల్యాబులో ఫ్లాస్కును బల్ల మీద వదిలేయకండి. గది 40 డిగ్రీలకు చేరితే ఈ ఈస్ట్ మొరాయిస్తుంది.

ఇథనాల్ కొలవడానికి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) యంత్రం కోసం రోజుల తరబడి వరుసలో నిలబడే ముందు త్రాసు వాడండి. గ్రాము ఇథనాల్ తయారైతే 0.957 గ్రాము కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఎయిర్‌లాక్ పెట్టిన 100 మి.లీ. ఫ్లాస్కును మొదటే తూచి, రోజూ తూచండి. 1.15 గ్రాములు తగ్గిందంటే 1.2 గ్రాముల ఇథనాల్ వచ్చినట్టు. ఈస్ట్ లేని ఫ్లాస్కు ఒకటి పెట్టి, ఆవిరై పోయిన నీటి బరువు తీసేయండి. పులిసిన ద్రవంలో నేరుగా హైడ్రోమీటరు ముంచితే వచ్చే అంకెకు విలువ లేదు, మిగిలిన చక్కెరలూ లవణాలూ దాన్ని మార్చేస్తాయి.

ఈస్ట్ మీద అనుమానం అప్పటికీ పోకపోతే మూడు ఫ్లాస్కులు పెట్టండి: లీటరుకు 20 గ్రాముల శుద్ధ గ్లూకోజ్, మీ ద్రవం, మీ ద్రవంలో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్ కలిపినది. మొదటిదీ మూడోదీ ఒకేలా పులిసి, రెండోది పులియకపోతే కొరత చక్కెరది. మూడోది కూడా ఆగిపోతే అప్పుడు ఈస్ట్‌ను అడ్డుకునే నిరోధకాల సంగతి చూడాలి. మీరు వాడిన 121 డిగ్రీలకు ఫర్‌ఫ్యురాల్ పెద్దగా పుట్టదు, కొంత అసిటిక్ ఆమ్లం ఉంటుంది, పీహెచ్ 5.5 దగ్గర దాని బాధ తక్కువ. సున్నం వేసి పీహెచ్ 10కి తీసుకెళ్లే శుద్ధి 160 డిగ్రీలు, ఆపైన చేసేవాళ్లకు కావాలి. మీరు చేస్తే ఉన్న చక్కెరలో కొంత పోగొట్టుకోవడమే. ఆమ్లం గాఢత కూడా ఒకసారి సరిచూసుకోండి: సీసాలోంచి 100 మి.లీ.కి 1 మి.లీ. పోసి ఉంటే అది 1 శాతం కాదు, బరువు లెక్కన 1.8 శాతం.

మొత్తం లెక్క ఎప్పుడూ మొదటి గడ్డి బరువు మీదే చెప్పండి. 29 గ్రాముల గుజ్జు, 16.8 గ్రాముల సెల్యులోజ్, 14.9 గ్రాముల గ్లూకోజ్, దాన్నుంచి 90 శాతం సామర్థ్యంతో 6.9 గ్రాముల ఇథనాల్, అంటే 8.7 మి.లీ. టన్ను గడ్డికి 174 లీటర్లు. 2022 ఆగస్టులో పానిపట్‌లో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ 2జీ (పంట వ్యర్థాల నుంచి ఇథనాల్ తీసే) ప్లాంటుకు ప్రకటించిన లెక్క ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్. టన్నుకు 150 లీటర్లు. సెల్యులోజ్ 35 శాతం ఉన్న గడ్డి నుంచి, సెల్యులోజ్ ఒక్కదానితో, టన్నుకు 252 లీటర్లకు మించి కాగితం మీద కూడా రాదు. మీ అంకె దాన్ని దాటిందంటే ఎక్కడో గుజ్జు బరువును గడ్డి బరువు అనుకున్నారు.

ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే మీ పాత పిప్పిని పారేయకండి. ఆరిపోకుండా తడిగా ఉంటే బాగా కడిగి, పీహెచ్ 5కి తెచ్చి, పైన చెప్పిన ఎంజైమ్ దశ దానిమీదే మొదలుపెట్టండి. లిగ్నిన్ అలాగే ఉంది కాబట్టి క్షారం పెట్టిన గుజ్జంత గ్లూకోజ్ రాదు, కానీ రెండూ పక్కపక్కన పెడితే మీ ప్రాజెక్టులో ఒక మంచి పోలిక పట్టిక తయారవుతుంది.