రాష్ట్రపతి భవన్‌లో బొమ్మలు చూడనిస్తారా?

ప్రశ్న: సెలవుల్లో ఢిల్లీ వెళ్తున్నాం. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మా నాన్నగారికి రాష్ట్రపతి భవన్‌లోని పెయింటింగులు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మామూలు జనాన్ని రానిస్తారా, లేక ఎంపీగారి లెటర్ ఏమైనా కావాలా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: లెటరూ వద్దు, సిఫార్సూ వద్దండీ. రాష్ట్రపతి భవన్ వెబ్‌సైట్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకుని, ఫొటో గుర్తింపు కార్డు పట్టుకెళ్తే చాలు. మ్యూజియానికి విడిగా బుకింగ్ ఉంటుంది, తికమక పడకండి, మీకు కావాల్సింది మెయిన్ బిల్డింగ్.

నాన్నగారిని అశోకా హాలు దగ్గర మాత్రం తొందరపెట్టకండి. 2024లో దాని పేరు అశోక్ మండప్ అని మార్చారు. పైకప్పు మధ్యలో పర్షియా రాజు ఫతే అలీ షా కొడుకులతో కలిసి వేటాడుతున్న బొమ్మ ఉంటుంది, అదీ తోలు మీద వేసింది, దాని చుట్టూ మిగతా కప్పంతా 1930ల్లో ఇటలీ చిత్రకారుడు కొలొనెల్లో మన చిత్రకారుల్ని వెంటబెట్టుకుని నింపాడు. అసలది డాన్సుల కోసం కట్టిన హాలు, ఆ హడావుడిలో తలెత్తి చూసినవాళ్లెందరో మరి!

అన్నట్టు, బీహార్‌లోని రాంపూర్వాలో దొరికిన ఎద్దు శిల్పం ఉంది, దాన్ని చాలామంది చూడకుండానే దాటేస్తారు. అశోకుడి కాలం నాటి స్తంభం మీదిది, క్రీ.పూ. 3వ శతాబ్దపు రాతి పని. నాకైతే షాండ్లియర్లకన్నా అదే నచ్చుతుంది. దర్బార్ హాల్లో (2024 నుంచి దాని పేరు గణతంత్ర మండప్) గుప్తుల కాలపు బుద్ధుడి విగ్రహం కూడా ఉంది.

లోపల ఫొటోలు తియ్యనివ్వరు, కాబట్టి నాన్నగారికి కళ్లజోడు మర్చిపోకుండా పెట్టండి.