కావలి బస్టాండు నుంచి వెనుదిరిగిన చెల్లెలికి

ఉత్తరం:

నా వయసు 37. కావలికి పడమటగా మెట్ట ప్రాంతంలో ఒక పల్లె మాది. తొమ్మిదేళ్లుగా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తున్నాను. బడిలో పదో తరగతి లెక్కలు రెండుసార్లు తప్పాను, ఆ ఏడాదే పెళ్లయి చదువు ఆగిపోయింది. మా టీచరమ్మ ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. పది ప్యాసై ఉంటే ఆ పోస్టుకు నా పేరు కూడా చూస్తారని సూపర్‌వైజరు మేడం చెప్పి నాచేత ఓపెన్ టెన్త్ కట్టించారు. నాలుగు పేపర్లు ఎలాగో అదృష్టం కొద్దీ గట్టెక్కాయి. లెక్కలు ఒక్కటే మిగిలింది. దానికి రెండుసార్లు ఫీజు కట్టాను. మొదటిసారి ఇల్లు కదల్లేదు. రెండోసారి హాల్ టికెట్టుతో కావలి బస్టాండులో దిగాక గుండె దడ, చెమటలు మొదలై, అక్కడే బల్ల మీద గంటసేపు కూర్చుని తిరుగు బస్సెక్కాను. ఇంట్లో మాత్రం రాశాననీ, తరువాత తప్పాననీ చెప్పాను. మా ఆయన వద్దనరు గానీ "ఈ వయసులో నీకెందుకీ తిప్పలు" అంటారు. మా తోడికోడలు "అక్క కలెక్టరవుతుందంట" అని నలుగురిలో నవ్వింది. పాప ఇంటర్‌లో ఎంపీసీ చదువుతోంది, దాని ముందు లెక్కల పుస్తకం తీయాలంటే సిగ్గు. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి నిద్ర ఉండదు. నా వల్ల కాదని వదిలేయడమే మేలా?

జవాబు:

చెల్లీ, వదిలేయాలా వద్దా అన్న మాటకు వచ్చే ముందు మీ ఉత్తరంలో నన్ను ఆపిన ఒక వాక్యం గురించి చెప్పాలి. నాలుగు పేపర్లు "ఎలాగో అదృష్టం కొద్దీ" గట్టెక్కాయని రాశారు. పొద్దున కేంద్రం తలుపు తీసి ఊడ్చి, పిల్లలను ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి, వండి పెట్టి, గిన్నెలు కడిగి, సాయంత్రం ఇంటి పనీ గొడ్ల పనీ ముగించుకున్న తరువాత దీపం దగ్గర కూర్చుని చదివి రాసిన నాలుగు పరీక్షలవి. వాటి ఘనతను అదృష్టానికి ఇచ్చారు. ఇరవై ఏళ్ల క్రితం, పదహారేళ్ల పిల్లగా తప్పిన ఒక్క సబ్జెక్టును మాత్రం పూర్తిగా మీ పేరున రాసుకున్నారు. పొదుపు సంఘం పుస్తకంలో ఎవరైనా ఇలా జమలన్నీ పక్కవారి పేరునా, అప్పులన్నీ ఒకరి పేరునా రాస్తే మీరు ఒప్పుకుంటారా? మీ విషయంలో మీరు రాసుకుంటున్న లెక్క ఇదే.

ఇది మీ ఒక్కరికే ఉన్న గుణమని అనుకోవద్దు. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఇమెస్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పెద్ద చదువులు చదివి మంచి స్థానాల్లో ఉన్న స్త్రీల గురించి రాస్తూ, తమ విజయాన్ని అదృష్టానికో ఎవరి పొరపాటుకో ఆపాదించి, ఎప్పుడో ఒకప్పుడు తమ అసలు రంగు బయటపడుతుందని లోలోపల భయపడే తీరును వివరంగా నమోదు చేశారు. డాక్టరేట్లు చేసిన వారికే తప్పని ఈ భయం, బడి మానిన ఇన్నేళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన మీకు కలగడంలో ఆశ్చర్యం లేదు.

అయితే మీ సందేహమంతా అబద్ధమని చెప్పి మిమ్మల్ని ఊరడించడం నాకు ఇష్టం లేదు. అందులో ఒక భాగం నిజమే. సమీకరణాలు, జ్యామితి మీకు ఇప్పుడు రావు, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా వాటి ముఖం చూడలేదు. ఈ సందేహం మీకు మేలు చేసేదే, ఏ అధ్యాయం దగ్గర కూర్చోవాలో అది చూపిస్తుంది. కీడు చేసేది రెండోది: "నాకు ఇది రాదు" అన్న చోట ఆగకుండా "నేను ఇంతే" అనే దాకా పోయేది. మొదటిదానికి అభ్యాసం మందు. రెండోదానికి ఎంత చదివినా చాలదు, ఎందుకంటే అది పుస్తకం గురించి మాట్లాడటం లేదు. మనసులో భయం లేచినప్పుడల్లా, ఇది నాకు రాని లెక్కను గురించినదా, నన్ను గురించినదా అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు లెక్క గురించి అయితే ఆ లెక్కను నోటుబుక్కులో రాసుకోండి.

ఇప్పుడు కావలి బస్టాండు దగ్గరికి వద్దాం. ఆ గంటసేపు ఏం జరిగిందో మీకు అర్థం కావడం చాలా ముఖ్యం. గుండె వేగంగా కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం, కడుపులో తిప్పినట్లుండడం అన్నీ ప్రమాదం ఎదురైందని భావించిన శరీరం పరుగుకో పోరాటానికో సిద్ధపడే లక్షణాలు. అవి కొంతసేపు పెరిగి, మనం కదలకుండా అక్కడే ఉంటే క్రమంగా వాటంతట అవే తగ్గుతాయి. మీరు అవి తగ్గే వరకు ఆగి పరీక్ష వైపు నడవకుండా, తిరుగు బస్సెక్కారు. బస్సు కదలగానే ప్రాణం కుదుటపడి ఉంటుంది. చిక్కంతా ఆ ఊరటలోనే ఉంది. పారిపోతే హాయి కలుగుతుందని మనసు ఆనాడు నేర్చుకుంది, అందుకే తరువాతి పరీక్ష పేరెత్తగానే మరింత గట్టిగా పారిపొమ్మంటుంది. తప్పించుకున్న ప్రతిసారీ భయం ఒక మెట్టు ఎక్కుతుంది.

దానికి తోడు మీరు ఇంకొక పని చేశారు. రాయని పరీక్షను రాసి తప్పినట్లు ఇంట్లో చెప్పారు. అవమానం తప్పించుకోవడానికి చెప్పిన ఆ మాట, చివరికి మీ మీద మీరే పుట్టించుకున్న దొంగ సాక్ష్యమైంది. మీ ఆయన దృష్టిలో మీరు లెక్కల్లో మళ్లీ తప్పినవారు, తోడికోడలు దృష్టిలోనూ అంతే. రోజూ ఆ మాట వింటూ ఉండేసరికి మీరు కూడా దాన్నే నమ్మడం మొదలుపెట్టారని నాకు అనిపిస్తోంది. కానీ నిజం వేరు. పెద్దయ్యాక మీరు లెక్కల పరీక్ష ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కసారి కూడా రాయలేదు.

ధైర్యం వచ్చాక రాద్దామని మీరు ఎదురుచూస్తున్నట్లుంది. ఆ వరుస తిరగబడింది. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, ఒక పని తన వల్ల అవుతుందనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో పరిశీలించి నాలుగు మూలాలు చెప్పాడు: స్వయంగా చేసి చూసిన అనుభవం, తనలాంటి వారు చేయడం కళ్లారా చూడటం, నమ్మకస్తులు చెప్పే మాట, తన శరీరపు స్థితిని తాను అర్థం చేసుకునే తీరు. వీటన్నిటిలో బలమైనది మొదటిదే. నేను ఇక్కడ కూర్చుని ఎంత మంచి మాట చెప్పినా అది మూడో మూలం మాత్రమే, దాని బలం కొద్దిరోజులు నిలుస్తుంది. ఒక లెక్కను మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తో చేసి, జవాబు సరిపోయినప్పుడు కలిగే నమ్మకాన్ని నేను ఇవ్వలేను.

రెండో మూలానికి మీరు దూరం వెళ్లనక్కర్లేదు. మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వెళ్లి అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు, తమ ఊరి సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. వారి కథ వాచకంలో పాఠమై ఊరూరా చదివారు, ఉద్యమం జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. ఆ స్త్రీలు దుకాణం ముందుకు వెళ్లిన రోజున వారికి భయం లేదని ఎవరూ అనలేరు, ఎదురుగా ఉన్నది సారా కాంట్రాక్టర్లు, ఇంట్లో ఉన్నది తాగివచ్చే భర్తలు. భయం ఉండగానే వెళ్లారు, ఒంటరిగా మాత్రం వెళ్లలేదు. మీకు నేను చెప్పబోయే దానిలో ఈ రెండూ ఉన్నాయి.

ముందుగా చదువు సంగతి. ప్యాసు కావడానికి మీకు కావలసినవి నూటికి 35 మార్కులు. పుస్తకమంతా రావాలనే ఆలోచన పక్కన పెట్టండి. సగటు, శాతాలు, నిష్పత్తి, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత వంటివాటితో మొదలుపెట్టండి. వీటిలో కొన్ని మీరు ప్రతిరోజూ చేస్తున్నవే. ఇరవై మంది పిల్లలకు కొలిచే బియ్యాన్ని పదమూడు మందే వచ్చిన రోజున తగ్గించి కొలుస్తారు కదా, అది అనుపాతం. సంఘంలో నూటికి రూపాయి వడ్డీ మీద ఇరవై వేలు తీసుకున్నామె రెండు వేలు అసలు కడితే వచ్చే నెల వడ్డీ 200 నుంచి 180కి దిగుతుందని మీరు కాగితం లేకుండా చెప్పగలరు. ఇంతమాత్రాన సమీకరణాలు వచ్చేసినట్లు కాదు, ఆ మాట ముందే చెప్పాను. కానీ అంకెలంటే బొత్తిగా తెలియని మనిషిని నేనని మీరు చెబితే, దాన్ని మీ చేతిలోని కొలత డబ్బానే కాదంటుంది.

రోజుకు నలభై నిమిషాలు చాలు, అయితే ఆ నలభై నిమిషాలకు వేళా చోటూ స్థిరంగా ఉండాలి. "వీలున్నప్పుడు చదువుతాను" అనుకుంటే మన ఆడవాళ్లకు ఎన్నటికీ వీలు కుదరదు. "రాత్రి అన్నాల గిన్నెలు బోర్లించగానే వసారాలో కూర్చుంటాను" అని నిర్ణయించుకోండి, గిన్నెలు బోర్లించడమే గంట కొట్టినట్లవుతుంది. చేసిన లెక్కలను చూసి చదవడం కన్నా పుస్తకం మూసి మళ్లీ చేయడం మేలు. నెల గడిచాక ఆదివారం నాడు పాత ప్రశ్నపత్రం తీసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పరీక్షలో లాగానే లేవకుండా రాయండి. మొదటిసారి పదిహేను మార్కులే రావచ్చు. రానివ్వండి. అది తీర్పు కాదు, ఇంకా ఎంత దూరముందో చెప్పే మైలురాయి మాత్రమే.

మీ భయానికి పరీక్ష ఎంత కారణమో ఆ దారి కూడా అంతే కారణం, కనుక దారికి కూడా అభ్యాసం కావాలి. పరీక్ష లేని రోజున, కావలిలో ఏదైనా పని పెట్టుకుని, అదే బస్టాండులో దిగి, అదే సెంటరు గేటు దాకా నడిచి వెళ్లండి. దడ మొదలైతే పక్కన నిలబడి, అది తగ్గే వరకు ఉండి, ఆ తరువాతే తిరిగి రండి. ఇలా రెండు మూడుసార్లు వెళితే ఆ చోటికీ భయానికీ పడిన ముడి వదులవుతుంది. ఒకసారి వెళ్లి చూసి ఫలితం లేదని మానేయవద్దు.

పాప ముందు పుస్తకం తీయడానికి సిగ్గన్నారు. చెల్లీ, ఈ ఒక్క చోట మీతో గట్టిగా విభేదిస్తాను. ఎంపీసీ చదివే పిల్లకు కూడా రాని లెక్కలుంటాయి, తప్పే పరీక్షలుంటాయి, అప్పుడు ఏం చేయాలో దానికి ఇంట్లో చూపించే మనిషి కావాలి. రాని విషయాన్ని దాచుకునే అమ్మ నుంచి అది దాచుకోవడాన్ని నేర్చుకుంటుంది. వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాలు చెప్పమని అడగండి. పిల్లలకు ఓపిక తక్కువ, "ఇది కూడా రాదా అమ్మా" అని ఒకనాడు అనవచ్చు, అప్పుడు నొచ్చుకుని పుస్తకం మూయకుండా "రాదు, అందుకే అడుగుతున్నా" అనండి.

మీ ఆయనకు నిజం చెప్పడం అన్నిటికన్నా కష్టమైనదని నాకు తెలుసు. అయినా చెప్పాలి, అదీ పరీక్ష దగ్గర పడక ముందే. నలుగురూ ఉన్నప్పుడు కాదు, ఆయన తీరికగా ఉన్న పూట "పోయినసారి నేను పరీక్ష రాయలేదండీ, భయమేసి బస్టాండు నుంచే వచ్చేశాను, మీకు చెప్పలేకపోయాను" అని ఉన్నదున్నట్లు చెప్పండి. మీ ఆయన మాటల్లో నాకు అడ్డంకి కన్నా జాలి ఎక్కువ వినిపించింది. మీరు తప్పి కుమిలిపోతున్నారని ఆయన అనుకుంటున్నారు, అందుకే అలా అంటున్నారు. అసలు సంగతి తెలిస్తే ఆయన చేయగల సాయం ఒకటుంది, అది అడగండి: ఈసారి పరీక్ష రోజున బండి మీద గేటు దాకా దింపి, మీరు లోపలికి వెళ్లే వరకు అక్కడే నిలబడమనండి. మంచి చెడ్డలు చెప్పమని అడిగితే సలహాలిస్తారు. పని చెబితే తోడొస్తారు.

తోడికోడలి మాటకు బదులు చెప్పనక్కర్లేదు.

నిద్ర లేకపోవడం, గుండె దడ గురించి ఒక ముక్క. ఇవి పరీక్ష రోజులకే పరిమితమైతే పైన చెప్పిన అభ్యాసంతో చాలావరకు తగ్గుతాయి. మామూలు రోజుల్లో కూడా దడ, ఆయాసం, నీరసం ఉంటే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తహీనత, థైరాయిడ్, బీపీ చూపించుకోండి, ఎందుకంటే ఒంట్లో నలతను మనసులో పిరికితనంగా పొరబడిన స్త్రీలను నేను చాలామందిని చూశాను. దిగులు వారాల తరబడి వదలకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా మీరు అడిగిన మాట. వదిలేయవద్దనే నా అభిప్రాయం. టీచరు పోస్టు వస్తుందో రాదో మీ చేతిలోనూ నా చేతిలోనూ లేదు, నిబంధనలు, వయసు, సీనియారిటీ చాలా ఉంటాయి, వాటిని సూపర్‌వైజరు మేడం దగ్గర ఇప్పుడే వివరంగా తెలుసుకోండి. పది ప్యాసైన సర్టిఫికెట్టు మాత్రం పోస్టు రాకపోయినా మీదే. ఓపెన్ టెన్త్‌లో మీ అడ్మిషన్ గడువు ఉన్నంత వరకు ప్యాసైన నాలుగు పేపర్ల మార్కులు నిలిచే ఉంటాయి కాబట్టి ఈసారి మిగిలిన ఒక్కదానికే ఫీజు కట్టాలి. ఆఖరి తేదీ దాకా ఆగకుండా మొదటి వారంలోనే కట్టండి.

ప్రశ్నపత్రం చేతికి రాగానే చెయ్యి వణికితే వణకనివ్వండి, ముందుగా మీకు బాగా వచ్చిన లెక్క వెతికి అది రాయండి. ఇంటికి వచ్చాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. మార్కులు వచ్చే దాకా ఆగవద్దు, హాల్లో మీరు మొట్టమొదట చేసిన లెక్క ఏదో రాయండి చాలు.