మేనేజర్ ఇంటికి ఏ వైన్ తీసుకెళ్ళాలి?

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అమెరికా వచ్చి మూడు నెలలైంది, న్యూజెర్సీలోనే ఉద్యోగం. "అన్నయ్యా, మా మేనేజర్ థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి భోజనానికి పిలిచాడు. ఏమైనా తేవాలా అంటే నువ్వొస్తే చాలన్నాడు. టీమ్‌లో వాళ్ళేమో వైన్ తీసుకెళ్ళమంటున్నారు. నేను తాగను, కొనడం కూడా తెలీదు. ఒకటే టెన్షన్" అన్నాడు. నవంబరు వచ్చిందంటే ఈ సందేహం చాలామందికి వస్తుంది కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

ముందుగా, "నువ్వొస్తే చాలు" అన్న మాట నమ్మకండి. మనింటికి చుట్టాలు పళ్ళో స్వీట్లో తెస్తే "ఇవన్నీ ఎందుకండీ" అంటూనే లోపలికి పట్టుకెళ్తాం కదా, ఇదీ అంతే. పిలిచినింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదన్న పద్ధతి ఇక్కడా ఉంది.

కొత్తలో నేను చేసిన పని చెబితే మీకు కాస్త ధైర్యం వస్తుంది. మా టీమ్ లీడ్ డిన్నర్‌కి పిలిచాడు. కొట్టుకెళితే అడుగు అరలో నాలుగు లీటర్ల వైన్ జగ్గు కనబడింది, మెడ దగ్గర వేలు దూర్చి పట్టుకోడానికి గాజు చెవితో సహా. పదిహేను డాలర్లు. పక్కన చిన్న సీసా కూడా అదే రేటు. ఏది కొంటాం? దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళాను. తలుపు తీసినావిడ ఒక్క క్షణం జగ్గు వంక చూసి, నవ్వి, రెండు చేతులతో అందుకున్నారు. కాసేపటికి నారింజలు, యాపిళ్ళు ముక్కలు కోసి అందులో కలిపి సాంగ్రియా చేసి అందరికీ పోశారు. ఆవిడ మంచితనం వల్ల పరువు దక్కిందని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. గృహప్రవేశానికి బస్తా ఉల్లిపాయలు మోసుకెళ్ళినట్టన్నమాట. పనికొస్తుంది, కానీ అది తెచ్చే వస్తువు కాదు.

తేవలసింది 750 మిల్లీలీటర్ల సీసా. మనవాళ్ళు 'ఫుల్' అనే సైజే, కానీ కంగారుపడకండి. మన దగ్గర విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటే వైన్‌లో మామూలుగా 12 నుంచి 15 దాకా ఉంటుంది. సీసాకి అయిదు గ్లాసులు, నలుగురు కూర్చున్న బల్ల మీద ఇట్టే అయిపోతుంది. పదిహేను నుంచి ఇరవై డాలర్లు పెడితే చాలు. మేనేజర్ కదా అని యాభై పెట్టడం మనవాళ్ళ జబ్బు. ఆయన ఇబ్బంది పడతాడు, మీ జేబుకీ చిల్లు.

న్యూజెర్సీలో చాలా సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మరు, లిక్కర్ స్టోర్‌కి వెళ్ళాలి. కాలిఫోర్నియా, టెక్సస్ వాళ్ళకి కూరగాయల పక్కనే దొరుకుతుంది. పండగ గురువారం, ఆ రోజు కొట్టు తెరుస్తారో లేదో, బుధవారమే కొనేయండి. ఐడీ మరిచిపోవద్దు. 21 ఏళ్ళు నిండాయని చూపించాలి. డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా రాకపోతే ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదనేవాళ్ళే ఎక్కువ.

లోపల వందల సీసాలు చూసి తల తిరుగుతుంది. కౌంటర్ దగ్గరున్న మనిషిని అడగండి. "టర్కీ భోజనానికి, ఇరవై లోపు" అంటే చాలు (టర్కీ అంటే ఈ పండగకి వండే పెద్ద కోడిలాంటి పక్షి), ఆయనే తీసిస్తాడు. బహుశా పినో న్వార్ అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ ఇస్తాడు. ఎందుకంటే ఎర్ర వైన్‌లో వగరు ఉంటుంది, నేరేడు పళ్ళు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుందే, అది. కాబర్నే అనే ఇంకో ఎర్ర రకంలో ఆ వగరు బాగా ఎక్కువ, బీఫ్ లాంటి కొవ్వు మాంసంతో అయితే నప్పుతుంది. టర్కీ చప్పగా, పొడిపొడిగా ఉండే మాంసం, దానికి వగరు తక్కువున్న పినో నయం. తెల్ల వైన్ తాగుతారని తెలిస్తే న్యూజిలాండ్ సొవిన్యోఁ బ్లాంక్ తీసుకోండి, నిమ్మకాయలా పుల్లగా హుషారుగా ఉంటుంది. వాటికి ఎక్కువగా తిప్పే మూతే ఉంటుంది. కార్క్ లేదని చవకరకం అనుకోకండి.

లేబుల్ సంగతి మామిడిపళ్ళతో చెబుతాను. అమెరికావాళ్ళు రసాలు అన్నట్టు ద్రాక్ష రకం పేరు వేస్తారు. అలా వేస్తే అందులో కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలని రూలు. ఫ్రెంచివాళ్ళు బంగినపల్లి అన్నట్టు ఎక్కువగా ఊరి పేరో ప్రాంతం పేరో వేస్తారు. బుర్గోన్య్ (ఇంగ్లీషులో బర్గండీ) అని ప్రాంతం పేరు ఉన్న ఎర్ర వైన్ దాదాపు ఎప్పుడూ పినో న్వారే, కానీ సీసా మీద ఆ మాట వెతికినా కనబడకపోవచ్చు.

తలుపు దగ్గరే చేతికిచ్చేయండి. మీ ముందు తెరవకపోతే చిన్నబుచ్చుకోవద్దు. వాళ్ళు ఆ పూట వంటకి ఏ వైన్ పోయాలో ముందే అనుకుని ఉంటారు. మీరు తాగనంటే "నాకు సోడా చాలు" అనండి, ఎందుకని ఎవరూ అడగరు. కారులో వెళ్ళేటప్పుడు సీసా డిక్కీలో పెట్టండి. తెరిచిన సీసా ముందు సీట్లో ఉంటే పోలీసులు ఆపినప్పుడు చాలా రాష్ట్రాల్లో కేసవుతుంది.

కొన్ని ఇళ్ళకి అసలు వైన్ వద్దు. ముస్లింలు, మోర్మన్లు (మందు ముట్టని ఒక క్రైస్తవ శాఖవాళ్ళు), తాగుడు కష్టపడి మానేసినవాళ్ళు ఉంటారు. ఆఫీసులో ఎవరినైనా మెల్లిగా అడిగి తెలుసుకోండి. ఇక తెలుగువాళ్ళ ఇంటికైతే ఇంకా జాగ్రత్త. ఇండియా నుంచి అత్తగారు వచ్చి ఉన్న ఇంట్లో, సత్యనారాయణ వ్రతం రోజున, సంచీలోంచి తల బయటపెట్టిన సీసాతో హాల్లోకి నడిచిన మిత్రుణ్ణి నేను చూశాను. ఇంటాయన దాన్ని గరాజ్‌లోకి మోసుకెళ్ళిన స్పీడు ఒలింపిక్స్‌లో కూడా కనబడదు.

మందు కొనడమే ఇష్టం లేకపోతే మంచి చాక్లెట్లు, చిన్న పూల కుండీ భేషుగ్గా సరిపోతాయి. మన స్వీట్లు తీసుకెళితే జీడిపప్పు, బాదం ఉన్నాయని ముందే చెప్పండి, ఇక్కడ నట్ అలర్జీలు ఎక్కువ. నేనొకసారి ఆత్రేయపురం పూతరేకులు ఇస్తే ఒకాయన కాగితం అనుకుని అయిదు నిమిషాలు జాగ్రత్తగా విప్పాడు.

మా తమ్ముడు నిన్న పినో న్వార్ కొన్నాడట. వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. ఎర్ర సంచీ, మెడకి రిబ్బన్, అన్నీ బాగానే ఉన్నాయి. సీసా మీద 17.99 స్టిక్కర్ కూడా అలాగే ఉంది.