పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వాలా, బయట అమ్మాలా? మూడు ఫోన్లతో నా అనుభవం

మీ ఫోన్ కొని మూడేళ్లయింది, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది, బాక్సు కూడా ఉంది అన్నారు. కొనాలనుకుంటున్న కొత్త ఫోన్ 24,999. ఎక్స్ఛేంజ్‌లో మీ పాతదానికి 7,200, పైన బోనస్ 2,000 చూపిస్తోంది. బయట అమ్మితే పది వేలు వస్తాయని మీ స్నేహితుడు అంటున్నాడు. ఏది మేలు అని మీ ప్రశ్న.

నేను ఒక ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చాను, ఒకటి నేరుగా మనిషికి అమ్మాను, ఆ తర్వాత అమ్మ ఫోన్‌ని మళ్లీ ఎక్స్ఛేంజ్‌లోనే ఇచ్చాను. వాటిలో మొదటిదానికి నష్టపోయాను, మిగతా రెండింటికీ లాభపడ్డాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్క్రీన్ మీద గీత లేకుండా, బాక్సూ బిల్లూ ఉన్న ఫోన్ అయితే మనిషికి అమ్మడమే మంచిది. స్క్రీన్ పగిలినదీ, బాగా పాతబడినదీ అయితే బోనస్ బాగా ఇచ్చే రోజు చూసి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాలి. మీ ఫోన్ మొదటి రకంలోకే వస్తుంది. కానీ ఒక లెక్క వేశాకే తేల్చుకోండి.

చాలామంది 9,200ని పది వేలతో పోల్చి, తేడా ఎనిమిది వందలే కదా అనుకుంటారు. పోల్చాల్సింది ఆ రెండింటినీ కాదు, చివరికి మీ జేబులోంచి ఎంత పోతుందో దాన్ని. ఎక్స్ఛేంజ్ పెడితే కొన్నిసార్లు బ్యాంకు కార్డు ఆఫర్ వర్తించదు, కొన్నిసార్లు రెండూ కలిసి వస్తాయి. మీ కార్డు మీద 2,000 తగ్గింపు ఉందనుకుందాం. రెండూ కలవకపోతే ఎక్స్ఛేంజ్‌లో మీరు కట్టేది 15,799. అదే ఎక్స్ఛేంజ్ లేకుండా కార్డు ఆఫర్‌తో 22,999కి కొని, పాతది పది వేలకు అమ్మితే మీకు పడేది 12,999. తేడా 2,800. అంత వస్తుందంటే కాస్త తిరగొచ్చు. రెండు ఆఫర్లూ కలిస్తే మాత్రం ఎక్స్ఛేంజ్‌లో పడేది 13,799, అంటే తేడా ఎనిమిది వందలకు పడిపోతుంది. బేరంలో మీ ఫోన్ పది వేలకు బదులు తొమ్మిదికే పోయిందంటే అమ్మకం వైపే రెండొందలు నష్టం. అందుకని ముందు ఆర్డర్ పేజీలో డబ్బు కట్టే చోటు దాకా వెళ్లి, ఎక్స్ఛేంజ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చివరి మొత్తం చూడండి. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. వీధి చివర మొబైల్ షాపులో అదే ఫోన్ ఎంతకిస్తారో కూడా అడగండి. ఆన్‌లైన్ రేటుకు దగ్గరగా ఇచ్చే షాపులు ఉంటాయి.

ఇక నా మొదటి ఫోన్ సంగతి. 2019లో 17,000 పెట్టి కొన్నాను. 2022లో కొత్తది ఆర్డర్ చేసేటప్పుడు ఎక్స్ఛేంజ్ కింద "9,000 వరకు" అని కనిపించింది. ఆ "వరకు" అన్న మాటను నేను పట్టించుకోలేదు. మోడల్, ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) కొట్టాక 5,900 అయింది. సరే, ఎవరికో అమ్మే తలనొప్పి లేదు కదా అని ఒప్పుకున్నాను. డెలివరీకి వచ్చిన అబ్బాయి గుమ్మంలోనే నిలబడి నా ఫోన్‌లో ఒక యాప్ వేశాడు. స్క్రీన్ తెల్లగా, ఎర్రగా, నల్లగా మారుతూ వచ్చింది. వేలితో స్క్రీన్ అంతా రుద్దమన్నాడు, మైకులో మాట్లాడమన్నాడు, కెమెరా తెరవమన్నాడు. తర్వాత ఫోన్‌ని ట్యూబ్‌లైట్ వైపు ఏటవాలుగా పట్టుకుని చూశాడు. ఛార్జింగ్ పెట్టే చోటికి కాస్త పైన, గాజు అంచున వెంట్రుకంత గీత. అది ఉందని నాకే తెలియదు. యాప్‌లో దాన్ని నొక్కగానే రేటు 4,300కి దిగింది. కొత్త ఫోన్ ఎదురుగా ఉంది, వెనక ఇంకో ఇంటికి వెళ్లాలని అతను తొందరపడుతున్నాడు. అయినకాడికి ఇచ్చేశాను.

ఇందులో ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతని యాప్ ఎంత చూపిస్తే అంతే. నేను రెండు పనులు చేయాల్సింది. ఎక్స్ఛేంజ్ పెట్టేటప్పుడు ఫోన్ ఎలా ఉందని అడిగే ప్రశ్నలకు జవాబు పెట్టేముందు గార్డు, కవరు తీసేసి వెలుతురులో ఫోన్‌ని నాలుగు వైపులా చూసుకోవాల్సింది. రేటు దించినప్పుడు "ఎక్స్ఛేంజ్ వద్దు, కొత్త ఫోన్‌కి పూర్తి డబ్బు కడతాను" అనే దారి ఉందా అని ముందే కనుక్కోవాల్సింది. కొన్నిచోట్ల ఆ దారి ఉంటుంది, కొన్నిచోట్ల ఆర్డర్ మొత్తం రద్దవుతుంది.

ఆ రోజు డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. డెలివరీ ఎక్స్ఛేంజ్‌లో కొత్త ఫోన్ చేతికిచ్చిన నిమిషంలోనే పాతది తీసుకుపోతారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాపీగా డేటా మార్చుకునే వీలుండదు. ఫొటోలు గూగుల్‌లో ఉన్నాయి, వాట్సాప్ బ్యాకప్ తీశాను, అంతా అయిపోయిందనుకుని రీసెట్ కొట్టాను. అప్పట్లో ఊళ్లో మా ఇల్లు కడుతున్నాం. సిమెంటు బస్తాలు ఎన్ని దిగాయి, మేస్త్రికి ఏ వారం ఎంత ఇచ్చాం, స్లాబుకి ఎంత ఇనుము పట్టింది, అన్నీ ఫోన్‌తో వచ్చిన నోట్స్ యాప్‌లో రాసుకునేవాణ్ని. ఆ యాప్ ఫోన్‌లోనే దాచుకుంటుందని, గూగుల్ అకౌంట్‌లోకి పంపదని సాయంత్రం కొత్త ఫోన్‌లో వెతికినప్పుడు తెలిసింది. నాన్న, మేస్త్రి, నేను అరుగు మీద కూర్చుని ఎనిమిది నెలల లెక్క గుర్తుచేసుకుని మళ్లీ రాశాం. మేస్త్రి మంచివాడు కాబట్టి గొడవ రాలేదు. అందుకే ఎక్స్ఛేంజ్ పెట్టుకునేవాళ్లందరికీ ఒకటే చెబుతాను. డెలివరీ వచ్చే రెండు రోజుల ముందే ఇంట్లో ఇంకో ఫోన్‌లో మీ అకౌంట్ తెరిచి, అన్నీ అక్కడ కనిపిస్తున్నాయా చూసుకోండి. బ్యాకప్ తీశానన్న నమ్మకం చాలదు, కళ్లతో చూడాలి. ఓటీపీ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ వాడేవాళ్లయితే దాన్ని మొట్టమొదట మార్చుకోవాలి.

రెండో ఫోన్ 2022లో 23,000కు కొన్నదే. 2025లో మార్చాలనుకున్నప్పుడు ఎక్స్ఛేంజ్ 6,400 చూపించింది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కి పట్టుకెళ్లి మూడు షాపుల్లో అడిగాను. ఒకాయన 5,500, ఇద్దరు 6,000 అన్నారు. వాళ్లు దాన్ని మళ్లీ అమ్మి లాభం చూసుకోవాలి కాబట్టి అంతకన్నా ఇవ్వరు. షాపులో లాభమల్లా అప్పటికప్పుడు డబ్బు చేతిలో పడుతుంది, అంతే. తర్వాత ఒక యాప్‌లో 10,500 అని ప్రకటన పెట్టాను, ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాను.

ప్రకటన పెట్టిన గంటలో వచ్చిన మొదటి ఫోనే మోసగాడిది. హిందీలో మాట్లాడాడు, తాను ఆర్మీలో ఉన్నానన్నాడు, గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. బేరం ఆడకుండానే సరేనన్నాడు. డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ అకౌంట్‌లోంచి పోతున్నట్టే. వెంటనే బ్లాక్ చేశాను. ఇంట్లో పెద్దవాళ్లు అమ్ముతుంటే ఈ ఒక్క విషయం దగ్గర కూర్చుని చెప్పండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బేరం ఆడని కొనుగోలుదారుని చూస్తే నాకు ఇప్పటికీ అనుమానమే.

నిజంగా కొన్నవాళ్లు ఆఫీసు గ్రూపు ద్వారా వచ్చారు. మా సహోద్యోగికి తెలిసిన కుర్రాడు, డిగ్రీ మొదటి సంవత్సరం, నల్గొండ నుంచి వాళ్ల నాన్నతో వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద కలిశాం. కుర్రాడు కెమెరా చూసుకుంటున్నాడు, పెద్దాయన మాత్రం ఫోన్ ముట్టుకోకుండా నా మొహం చూస్తూ, "ఎందుకు అమ్ముతున్నవ్ బాబూ?" అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బ్యాటరీ సాయంత్రం దాకా రావడం లేదు, సర్వీస్ సెంటర్‌లో మారిస్తే రెండు వేల దాకా అవుతుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాదే వస్తాయి అని. ఆయన కొడుకుతో ఒక నిమిషం పక్కకు వెళ్లి మాట్లాడి, 9,500 అన్నారు. ఇచ్చేశాను. ఎక్స్ఛేంజ్ కన్నా మూడు వేల పైన ఎక్కువ వచ్చింది. ఆ లోపాలు చెప్పకుండా ఇంకో ఐదొందలు లాగొచ్చేమో, కానీ రెండు నెలలకు ఆ పెద్దాయన ఫోన్ చేస్తే నేను ఏం చెప్పాలి? పాత ఫోన్ కొనేవాళ్లలో చాలామందికి ఆ డబ్బు పెద్ద మొత్తం. ఏమేం బాగాలేవో ప్రకటనలోనే రాసేయండి. నా అనుభవంలో దానివల్ల రేటు పెద్దగా తగ్గదు, అనవసరంగా వచ్చి బేరమాడి వెళ్లేవాళ్లు తగ్గుతారు.

కాగితం సంగతి మరవద్దు. ఫోన్ మీ పేరు మీద బిల్లయింది. రేపు దాంతో ఎవరైనా ఏదైనా తప్పు పని చేస్తే ఐఎంఈఐ పట్టుకుని ముందు మీ దగ్గరికే రావచ్చు. తెల్లకాగితం మీద ఫలానా ఐఎంఈఐ ఉన్న ఫోన్ ఫలానా తేదీన ఇంతకు అమ్మాను అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి ఫొటో తీసుకోండి. డబ్బు యూపీఐలో తీసుకుంటే అదో రుజువు. కొనేవాళ్లకీ దొంగ ఫోనేమోనన్న భయం ఉంటుంది. *#06# కొడితే ఐఎంఈఐ కనిపిస్తుంది, దాన్ని కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో మీరే వాళ్ల ముందు సరిచూపించండి. అలా చూపించాక ఆ నల్గొండ పెద్దాయన మొహంలో టెన్షన్ పోవడం నేను చూశాను.

డేటా గురించి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ భయంతోనే పాత ఫోన్లు బీరువాలో పెట్టేస్తారు. ఆండ్రాయిడ్ 10తో లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో వచ్చిన ఫోన్లలో డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే దాని తాళంచెవి చెరిగిపోతుంది, ఆ తర్వాత పాత ఫొటోలు తవ్వి తీయడం మామూలు మనుషులకు సాధ్యం కాదు. వరస మాత్రం తప్పకూడదు. ముందు సిమ్ములు, మెమరీ కార్డు తీయాలి, తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తొలగించాలి, ఆ తర్వాతే రీసెట్. అకౌంట్ తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ మీ పాస్‌వర్డే అడగొచ్చు, అప్పుడు కొన్నవాళ్లు మీకు ఫోన్ మీద ఫోన్ చేస్తారు. ఐఫోన్ అయితే పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే 'ఫైండ్ మై' ఆపేసి ఐక్లౌడ్ నుంచి బయటికి రావాలి. లేకపోతే దాన్ని ఎవరూ తీసుకోరు, ఎక్స్ఛేంజ్‌లో కూడా.

అమ్మ ఫోన్‌కి వచ్చేసరికి నేను ఎక్స్ఛేంజ్ వైపే వెళ్లాను. వంటింటి గట్టు మీంచి పడి స్క్రీన్ సాలెగూడులా పగిలింది, కానీ టచ్ పనిచేస్తోంది. కాంబో (స్క్రీన్, టచ్ కలిసి ఉండే భాగం) మార్చడానికి రిపేరు షాపులో 2,800 అడిగారు. మార్చినా ఆ ఫోన్ మూడు వేలకు మించి పలకదు. పార్టుల కోసమైతే 500 ఇస్తామన్నారు. దసరా ముందు ఒక షోరూంలో ఏ ఫోన్ తెచ్చినా, ఆన్ అయితే చాలు, 2,500 తగ్గిస్తామని బోర్డు పెట్టారు. ఆన్‌లైన్‌లో కన్నా కొత్త ఫోన్ రేటు అక్కడ మూడొందలే ఎక్కువ. అక్కడే కొన్నాం, కౌంటర్ దగ్గర కూర్చుని డేటా మార్చుకునే వీలు కూడా దొరికింది. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ మాత్రం ఎవరికీ అమ్మకండి, సర్వీస్ సెంటర్‌లో ఈ-వేస్ట్ కింద ఇచ్చేయండి.

రోజు చూసుకోవడం కూడా ముఖ్యమే. దసరా సేల్‌లో కొత్త ఫోన్ల రేట్లు పడిపోగానే పాతవాటి రేట్లూ పడతాయి. తొమ్మిది వేల ఫోన్‌ని చూడటానికి వచ్చినవాళ్లు, కొత్తదే పన్నెండుకు వస్తోంది కదా అంటారు. ఐఫోన్ అయితే సాధారణంగా సెప్టెంబరులో వచ్చే కొత్త మోడల్ రాకముందే అమ్మాలి. ఇంట్లో పది రోజులు నెట్టుకురావడానికి ఇంకో ఫోన్ ఉంటే, పాతది సేల్‌కి ముందు అమ్మి కొత్తది సేల్‌లో కొనండి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ముందు పైన చెప్పిన రెండు మొత్తాలూ చూస్తాను. ఎక్స్ఛేంజ్ లేని మొత్తంలోంచి పాతది అమ్మితే వచ్చే డబ్బు తీసేశాక తేడా రెండు వేలు దాటితే ఆఫీసులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల్లో 10,500 అని చెప్పి, 9,500 దాకా దిగుతాను. రెండు వారాల్లో ఎవరూ రాకపోతే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తాను, అంతకన్నా ఆగితే రేటు తగ్గేదే కానీ పెరిగేది కాదు. బాక్సు ఉందన్నారు కానీ బిల్లు సంగతి రాయలేదు. ఆన్‌లైన్‌లో కొని ఉంటే ఆ పాత ఆర్డర్ తెరిచి బిల్లు డౌన్‌లోడ్ చేసుకోండి. షాపులో కొని ఉంటే ఈరోజే బాక్సు దించి చూడండి, ఛార్జర్ కింద అట్ట మడతలో ఉండొచ్చు, నాది అక్కడే దొరికింది.