పెరట్లో కలువ కొలను: తవ్వే ముందు గట్టు గురించి ఆలోచించండి

ఇంటి వెనక పన్నెండడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఖాళీ ఉందని, అందులో కలువలు, నాలుగు చేపలు, కాస్త నీటి చప్పుడు ఉండే కొలను కట్టుకోవాలని ఉందని రాశారు. సిమెంటుతో కట్టాలా, నీరు ఇంకకుండా గుంతలో షీటు పరచాలా అని అడిగారు. దోమలు పెరుగుతాయేమోనన్న భయం, మూడేళ్ల పాప ఉందన్న సంగతి కూడా చెప్పారు. పాప విషయం చివర రాశాను. అది చదవకుండా మాత్రం పార పట్టకండి.

నేను రెండు కొలనులు తవ్వాను. మొదటిదాన్ని రెండేళ్లకే పూడ్చేయవలసి వచ్చింది. రెండోది ఏడేళ్లుగా బాగుంది. మొదటిసారి నా ధ్యాసంతా లోతు మీద, చేపల మీద, కలువ రంగుల మీద ఉంది. రెండోసారి గట్టుతో మొదలుపెట్టాను. తేడా అంతా అక్కడే వచ్చింది.

మొదటి కొలనులో నీళ్లు నిండిన సాయంత్రం నాకు బాగా గుర్తు. ఒకవైపు నీరు గట్టును ఒరుసుకుంటూ పొర్లిపోబోతోంది. ఎదురువైపు నాలుగు వేళ్ల మేర నల్లటి షీటు బయటికి కనబడుతోంది. నేల చూపుకు చదునుగానే ఉండేది. ఎనిమిదడుగుల దూరంలో మూడంగుళాల వాలు కంటికి తెలియదు, నీటికి తెలిసిపోతుంది. కనబడుతున్న షీటును దాచడానికి రాళ్లు పేర్చాను, సందుల్లో మట్టి కూరాను, ఆ మట్టిలో గడ్డి మొలిచి పచ్చగా ముచ్చటగా తయారైంది. అప్పటినుంచి రోజుకు అంగుళం చొప్పున నీళ్లు తగ్గడం మొదలైంది. చిల్లు పడిందనుకుని మొత్తం తోడిపోసి షీటంతా చేత్తో తడిమి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. గట్టు మీది మట్టి లోపలి నీటిని తాకుతోంది. దీపంలో వత్తి నూనెను లాగినట్టు ఆ మట్టీ గడ్డివేళ్లూ నీటిని లాగి అవతలి నేలకు పంచిపెడుతున్నాయి.

కాబట్టి షీటు అంచు నీటిమట్టానికి కనీసం రెండు మూడంగుళాలు పైకి, నిటారుగా నిలబడాలి. అలంకారానికి పెట్టే రాయి దానికి లోపలివైపు ఉండాలి, తోటమట్టి బయటివైపు ఉండాలి. లోపలి తడి, బయటి మట్టి ఎక్కడా కలుసుకోకూడదు. మట్టం చూడటానికి కొలను గీత చుట్టూ రెండడుగులకొక కొయ్య మేకు దిగ్గొట్టండి. మేకుల మీద తిన్నని బద్ద వేసి రసమట్టం పెట్టి చూడండి. సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి మట్టం చూసే పాత పద్ధతి ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. మేకుల తలలన్నీ ఒకే మట్టానికి వచ్చాకే తవ్వకం మొదలుపెట్టండి. ఒక్కచోట మాత్రం కావాలనే అరంగుళం పల్లంగా వదలండి. పెద్దవాన కురిసినప్పుడు ఎక్కువైన నీరు అటునుంచి మీరు అనుకున్న మొక్కల పాదులోకే పోతుంది.

ఇక చోటు. కలువ పూయాలంటే రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. చెట్టు కింద తవ్వితే ఆకులు రాలి అడుగున కుళ్లుతాయి, వేళ్లు అడ్డొస్తాయి. పెరట్లో అన్నిటికన్నా పల్లపు మూల కొలనుకు తగిన చోటుగా అనిపిస్తుంది కానీ అది వద్దు. వాననీరు మట్టినీ ఎరువునూ కడిగి తెచ్చి అందులోనే పోస్తుంది. నా మొదటి కొలను అలాంటి మూలలోనే ఉండేది. రెండో ఏడు వానలకు నేలలోని ఊట పెరిగి షీటు కిందికి నీరు చేరింది. ఒక ఉదయం చూసేసరికి కొలను నడిమధ్య షీటు నల్లటి బుడగలా ఉబ్బి నీటిపైకి తేలి ఉంది, కలువ కుండీలు పక్కకు ఒరిగిపోయాయి. దాన్ని పూడ్చింది అందుకే.

మీకున్న స్థలమంతా కొలనుకు ఇచ్చేయకండి. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చాలు. చుట్టూ నడవడానికి, అంచున కూర్చుని చేయి చాపి ఎండుటాకు తీయడానికి వీలుండాలి. ఒక తాడు తీసుకుని నేల మీద ఆ ఆకారం పరిచి వారం రోజులు వదిలేయండి. పొద్దునా సాయంత్రం మీరు ఎక్కువసేపు కూర్చునే కిటికీలోంచి దాన్ని చూడండి. నేను అలా చూసి రెండుసార్లు తాడు జరిపాను. ఆకారం వీలైనంత సాదాగా ఉంచండి. వంకలు పెరిగేకొద్దీ షీటులో మడతలు పెరుగుతాయి, మడతల్లో చెత్త చేరుతుంది.

లోతు నడిమధ్య రెండడుగులు పెట్టండి. అంతకన్నా తక్కువైతే ఎండకు నీరు త్వరగా వేడెక్కుతుంది. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఉండేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. అంచు వెంబడి పది అంగుళాల లోతులో అడుగు వెడల్పు మెట్టు ఒకటి వదిలితే ఒడ్డు మొక్కల కుండీలు దాని మీద కూర్చుంటాయి. ఒక పక్క రాళ్లను వాలుగా పేర్చండి. కప్పలు, పొరపాటున పడిన ఉడుతలు, పక్షిపిల్లలు అటునుంచి పైకి రాగలవు.

సిమెంటా, షీటా అంటే మీ కొలతకు నేను షీటే చెబుతాను. నేల కాస్త కదిలినా ఇనుప కమ్మీలు లేని సిమెంటు బీటలు వారుతుంది. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరి నీటి పీహెచ్‌ను, అంటే క్షారగుణాన్ని, పెంచేస్తుంది, చేపలకు అది ప్రాణాంతకం. చాలాసార్లు నీళ్లు నింపి, తోడేసి, పైన పూత వేస్తే గాని పనికిరాదు. నేలకు పైన గోడ కట్టి తొట్టిలా చేసుకునేవారికి సిమెంటు బాగుంటుంది. తవ్విన కొలనుకు ఈపీడీఎం రబ్బరు షీటు మేలు. మిల్లీమీటరు మందం ఉన్నది తీసుకోండి. పలచటి టార్పాలిన్ ఎండకు పెళుసెక్కి చిరిగిపోతుంది.

షీటు కొలత ఇలా లెక్కించండి. పొడవుకు లోతును రెండుసార్లు కలిపి, అంచులకు మరో రెండడుగులు కలపాలి. ఎనిమిదికి నాలుగు, రెండు కలిపితే పద్నాలుగు. వెడల్పుకూ అదే లెక్క, ఆరుకు నాలుగు, రెండు కలిపితే పన్నెండు. పద్నాలుగు, పన్నెండడుగుల షీటు తెచ్చుకుంటే సరిపోతుంది. గుంతలో రాళ్లూ వేళ్లూ ఏరేసి, ఇసుక పరిచి, దానిమీద మందపాటి పాత తివాచీయో జియోటెక్స్‌టైల్ గుడ్డో వేసి అప్పుడు షీటు పరచండి. గంటసేపు ఎండలో ఉంచితే షీటు మెత్తబడి మాట వింటుంది. నీళ్లు నిండేకొద్దీ బరువుకు అదే సర్దుకుంటుంది. మీరు పక్కన నిలబడి మడతలు సవరించండి. పూర్తిగా నిండేదాకా అంచు కత్తిరించకండి.

నీటి మీటరు ఉంటే నింపే ముందు, నింపాక అంకెలు రాసి పెట్టుకోండి. మెట్లూ వాలూ పోగా మీ కొలనులో దాదాపు రెండు వేల లీటర్లు పట్టవచ్చు. తర్వాత మందు వేసినా, పంపు కొన్నా ఈ అంకె కావాలి. నాది గోడ మీద పెయింటుతో రాసి ఉంది.

నింపగానే చేపలు వేయకండి. మొదటి కొలనులో నేను మూడో రోజే పది చేపలు వదిలాను. రెండో వారంలో అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఆకలేమో అనుకుని ఇంకా మేత వేశాను. ఆరు చచ్చిపోయాయి. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండూ విషాలే, నైట్రేటును మొక్కలు తింటాయి. కాబట్టి ముందు మొక్కలు నాటండి. నెలన్నర తర్వాత రెండు చేపలు వదలండి, నీటి పరీక్ష కిట్టుతో చూసి అమోనియా, నైట్రైటు సున్నా ఉంటేనే మిగతావి వదలండి. కుళాయి నీటిలో క్లోరిన్ ఒకటి రెండు రోజుల్లో గాలిలో కలిసిపోతుంది గాని క్లోరిన్‌కు అమోనియా కలిపి చేసే క్లోరమిన్ అలా పోదు. మీ నీటిలో అది ఉంటే దాన్ని విరిచే మందు కలపాలి. ఈ కొలతకు నాలుగైదు గోల్డ్ ఫిష్‌లు చాలు. కోయి చేపల జోలికి వెళ్లకండి. అవి రెండడుగుల దాకా పెరుగుతాయి, కలువ కుండీలను పెళ్లగిస్తాయి.

మూడో వారంలో నీరు చిక్కటి పచ్చరంగుకు తిరుగుతుంది. అందరూ భయపడేది ఇక్కడే. నీళ్లు మార్చకండి. కొత్త నీటితో కొత్త పోషకాలు వచ్చి నాచు మళ్లీ మొదలవుతుంది. కలువాకులు పరుచుకుని నీటి పైభాగంలో సగం కప్పేస్తే ఎండ, పోషకాలు రెండూ తగ్గి నాచు తనంతట తానే చస్తుంది. రెండో కొలనులో నేను పంటి బిగువున ఆగాను. నలభయ్యో రోజు ప్రాంతంలో ఒక ఉదయం వంగి చూస్తే రెండడుగుల అడుగున కుండీ అంచు, దానిమీద నేను పరిచిన గులకరాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. అరగంట అక్కడే కూర్చుండిపోయాను.

కలువను వెడల్పాటి కుండీలో బరువైన బంకమట్టిలో నాటండి, కంపోస్టు కలపకండి. దుంప కొన మట్టిపైకి కనిపించాలి. పైన గులకరాళ్లు పరిస్తే చేపలు మట్టి రేపవు. లేత మొక్కైతే కుండీ కింద ఇటుకలు పెట్టి ఆకులు నీటిపైకి అందేలా చూసి, పెరిగేకొద్దీ ఇటుకలు తీసేయండి. నీటిలోపల పెరిగే తీగజాతి మొక్కలు రెండు మూడు గుత్తులు వేయండి. గుర్రపుడెక్క పూవు అందంగా ఉంటుంది, కానీ నెల తిరిగేసరికి నీరు కనిపించకుండా చేస్తుంది. వేసినా, తీసినదాన్ని ఎండబెట్టండి, ఏ కాలువలోనూ పారేయకండి.

నీటి చప్పుడుకు గంటకు వెయ్యి నుంచి రెండు వేల లీటర్లు తోడే పంపు సరిపోతుంది. పెట్టె మీది అంకెను నమ్మకుండా, మీరు ఎత్తిపోసే ఎత్తులో ఎంత ఇస్తుందో చూడండి, ఎత్తు పెరిగితే ధార తగ్గుతుంది. ఆరంగుళాల ఎత్తు నుంచి పడినా చెవికి హాయిగా ఉంటుంది, ఎక్కువైతే రాత్రి నిద్ర పట్టదు. నీరు జారిపడే రాయి కాస్త ముందుకు వాలి, అంచు బయటికి చొచ్చుకుని ఉండాలి. లేకపోతే నీరు రాయి అడుగును అంటిపెట్టుకుని వెనక్కి పాకి మట్టిలోకి పోతుంది. ఆ రాయిని అరంగుళం అటూ ఇటూ జరిపితే చప్పుడు మారిపోతుంది, ఒక సాయంత్రమంతా దానికే కేటాయించండి. కలువకు మాత్రం చినుకులు గిట్టవు, ధారకు ఎదురు చివర దాన్ని పెట్టండి. కరెంటు పని తెలిసినవారితోనే చేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే బ్రేకరు తప్పనిసరి.

దోమలకు నిలిచిన నీరు కావాలి. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. చేపలున్న కొలనులో ఆ పిల్లపురుగులు అన్నాళ్లు బతకవు, తూనీగల పిల్లలు కూడా వాటినే తింటాయి. నా పెరట్లో దోమలు పుట్టింది కొలను చుట్టూ పెట్టిన పూలకుండీల పళ్లేల్లో. చేపలు వేసేదాకా బీటీఐ బిళ్లలు (దోమ పిల్లపురుగులను చంపే బాక్టీరియా బిళ్లలు) వాడండి, దోమ పిల్లలకు తప్ప చేపలకు, కప్పలకు హాని చేయవు. దోమ పిల్లపురుగులను తినే గంబూసియా చేపలు వేయమని ఎవరైనా చెబితే వద్దనండి, అవి తోకకప్పలనూ మిగతా చేపల పిల్లలనూ కూడా తినేస్తాయి.

నీరు తగ్గుతోందని అనుమానం వస్తే పంపు ఆపి, ఒక బకెట్టులో నీళ్లు పోసి మెట్టు మీద నిలబెట్టి, రెండింటి మట్టాలూ గీతలు గీసి మర్నాడు చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఎండకు ఆవిరైన నీరే.

ఇప్పుడు పాప సంగతి. మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో ఈ ఏడాది కొలను తవ్వకండి. కొద్ది అంగుళాల నీటిలో కూడా పసిబిడ్డ కేక వేయకుండానే మునిగిపోగలదు, పెద్దలు ఒక్క నిమిషం తల తిప్పితే చాలు. తవ్వే తీరతామంటే గడియ ఉన్న నాలుగడుగుల కంచె, దానితోపాటు మనిషి బరువు మోయగల ఉక్కు జాలీ నీటిపైన, రెండూ ఉండాలి. మా అబ్బాయి చిన్నవాడుగా ఉన్నప్పుడు నేను వేరే దారి పట్టాను. నేలలో పెద్ద తొట్టి పాతి, పైన గట్టి ఇనుప జాలీ బిగించి, జాలీ మీద గులకరాళ్లు పోసి, మధ్యలో రంధ్రం చేసిన రాయి నిలబెట్టాను. పంపు తొట్టిలో ఉంటుంది. నీరు రాయి పైనుంచి ఉబికి, ఒంటి మీదుగా జారి గులకరాళ్లలోకి ఇంకిపోతుంది. పైన ఎక్కడా నీరు నిలవదు. వాడు రోజూ రెండు చేతులూ ఆ రాయి మీద ఆనించి నిలబడేవాడు. వాడికి ఏడేళ్లు నిండి ఈత వచ్చాకే రెండో కొలను తవ్వాం. మేకులు దిగ్గొట్టేటప్పుడు గొట్టం రెండో చివర పట్టుకుని మట్టం చెప్పింది వాడే. ఆ రాతినే కొలను ఒడ్డుకు చేర్చాం, దాని మీదినుంచే ఇప్పుడు ధార పడుతోంది.