ముందు నాయిస్, తర్వాతే షార్ప్‌నింగ్

ప్రశ్న: రాత్రిపూట ఇంటి దీపాల వెలుతురులో మా పాప ఫొటోలు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400లో, రా ఫైళ్లుగా (కెమెరా సొంతంగా మెరుగులు దిద్దని ఫైళ్లు) తీశాను. లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో షార్ప్‌నింగ్ (అంచులను స్పష్టం చేసే సర్దుబాటు) పెంచితే బుగ్గల నిండా చుక్కలు తేలుతున్నాయి. నాయిస్ (ఫొటోలో తేలే ఇలాంటి చుక్కలు, గరుకు) తగ్గిస్తే ముఖం మైనపు బొమ్మలా మారుతోంది. ఏది ముందు చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నాయిస్ సంగతే ముందు చూడండి. షార్ప్‌నింగ్‌కు కనురెప్ప వెంట్రుకకూ నాయిస్ చుక్కకూ తేడా తెలియదు. పక్కపక్క పిక్సెళ్ల వెలుగులో తేడా ఎక్కడుంటే అక్కడ దాన్ని ఇంకా పెంచుతుంది. మీ పాప బుగ్గల మీద జరిగింది అదే.

ఫొటోను 100 శాతం సైజులో తెరవండి. చిన్నగా చూస్తూ స్లైడర్లు జరిపితే కన్ను మోసపోతుంది. నీడల్లో కనిపించే ఆకుపచ్చ, ఊదా మచ్చలు రంగు నాయిస్. దాన్ని ధైర్యంగా తగ్గించండి, రంగులో సూక్ష్మ వివరాలు కాస్త పోయినా మన కన్ను పెద్దగా పట్టించుకోదు. వెలుగులో తేడాగా కనిపించే చుక్కలను తగ్గించే ల్యూమినెన్స్ స్లైడర్ దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టాలి. కనుబొమల వెంట్రుకలు కలిసిపోవడం మొదలైందంటే హద్దు దాటినట్టే, వెనక్కి రండి. చర్మం మీద కొంచెం గరుకు మిగిలితే మిగలనివ్వండి. నునుపు చేసి ప్రాణం తీసిన ముఖం కన్నా అదే నయమని నా గట్టి నమ్మకం. పైగా ప్రింటు వేస్తే ఆ గరుకు చాలావరకు కనిపించదు.

ఇక షార్ప్‌నింగ్. చాలామంది ముట్టుకోని మాస్కింగ్ స్లైడరే ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. ఆల్ట్ కీ (మ్యాక్‌లో ఆప్షన్ కీ) నొక్కి పట్టి దాన్ని జరపండి, ఫొటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా ఉన్నచోటే షార్ప్‌నింగ్ పడుతుంది. బుగ్గలు, నుదురు, వెనక గోడ పూర్తిగా నల్లబడి, కళ్లు, పెదవుల అంచులు, జుట్టు మాత్రం తెల్లగా మిగిలేవరకు జరపండి. అంచు చుట్టూ షార్ప్‌నింగ్ ఎంత వెడల్పున పడాలో చెప్పే రేడియస్ స్లైడర్‌ను 1 దగ్గరే ఉండనివ్వండి. బాగా పెంచితే అంచుల వెంట తెల్లటి గీత పుడుతుంది. సూక్ష్మ వివరాలను పైకి తెచ్చే డిటైల్ స్లైడర్ కూడా తక్కువే ఉంచండి, అది పెరిగితే అణిగిన నాయిస్ మళ్లీ లేస్తుంది.

ఈసారి ఐఎస్ఓకు భయపడి ఫొటోను చీకటిగా తీయకండి. నాయిస్‌కు అసలు కారణం సెన్సర్‌కు వెలుతురు చాలకపోవడం. తర్వాత ఎడిటింగ్‌లో వెలుగు పెంచితే నాయిస్ కూడా దాంతోపాటే పైకొస్తుంది. ఒక దీపం పాప దగ్గరికి జరపండి. షట్టర్ వేగం మాత్రం తగ్గించకండి, పాప కదిలి చెదిరిన కళ్లను షార్ప్‌నింగ్ బాగుచేయలేదు.