సమాధానం: సముద్రంలో పడేసిన సంచి బ్రిటిష్‌వాళ్ల చేతికి ఎలా చిక్కింది?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఆ దేశ రాయబారి హెన్రీ లారెన్స్ తన కాగితాలు సముద్రంలో పడేశాడు కదా, మరి వాటి వల్ల బ్రిటన్‌కూ డచ్చివాళ్లకూ (నెదర్లాండ్స్) యుద్ధం ఎలా వచ్చిందని మీరు అడిగారు. మీ వ్యాసంలో వాటినే యుద్ధానికి ‘కారణం’ అని రాశారు. మీ తికమక న్యాయమైనదే, రెండు విషయాలు కలిసిపోయాయి.

1780 సెప్టెంబరు 3న న్యూఫౌండ్‌లాండ్ దగ్గర, డచ్చివాళ్ల దగ్గర అమెరికాకు అప్పు తెచ్చేందుకు వెళ్తున్న లారెన్స్ ఓడ ‘మెర్క్యురీ’ని బ్రిటిష్ యుద్ధనౌక ‘వెస్టల్’ పట్టుకుంది. ఆయన కాగితాల సంచిని నీళ్లలోకి విసిరాడు. బరువు చాలక అది వెంటనే మునగలేదు. నావికులు కొక్కెంతో పైకి లాగేశారు. ఇది చదివినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందులో దొరికింది అమెరికాకూ డచ్చివాళ్లకూ మధ్య కుదిరిన అసలైన ఒప్పందం కాదండీ. 1778లో అమెరికా దూత విలియం లీ, ఒక ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకరు కలిసి రాసుకున్న ముసాయిదా మాత్రమే. డచ్ ప్రభుత్వం దాన్ని ఆమోదించనే లేదు. అయినా బ్రిటన్ దాన్ని సాకుగా చూపి డిసెంబరులో యుద్ధం ప్రకటించింది. డచ్చివాళ్లు అమెరికాకు సరుకులు అమ్మడం, రష్యా నడిపిన సాయుధ తటస్థ కూటమిలో (యుద్ధంలో ఎటూ చేరకుండా తమ వర్తక ఓడలను ఆయుధబలంతో కాపాడుకునే దేశాల జట్టు) చేరబోవడం అసలు కారణాలు. కాబట్టి మీ వ్యాసంలో ‘కారణం’ అన్నచోట ‘సాకు’ అని మార్చండి, చిక్కు విడిపోతుంది.

లారెన్స్ మాత్రం 1781 చివరిదాకా లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్నాడు.